చారిత్రక ఇంటి పెరట్లో గెస్ట్‌హౌస్: నోటీసు వచ్చాక ముందు తేల్చుకోవాల్సింది కట్టిన తేదీ

మీ ప్రశ్న సారాంశం ఇది. కాలిఫోర్నియాలో, నగరం చారిత్రక జిల్లాగా ప్రకటించిన వీధిలో 1920ల నాటి ఇల్లు కొన్నారు. పెరట్లో స్నానాలగది, చిన్న వంటగది ఉన్న గెస్ట్‌హౌస్ మీరు కొనేనాటికే ఉంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే అందులోనే ఉంటారు. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారు. ఇది ఒకే కుటుంబానికి పరిమితమైన జోన్ అనీ, రెండో నివాసానికి పర్మిట్ లేదనీ, వంటగది తీసేయాలనీ నగరం నోటీసు ఇచ్చింది. స్టవ్ పీకేసి గొడవ వదిలించుకోవాలా, వేరియన్స్‌కు, అంటే జోనింగ్ నియమం నుంచి ప్రత్యేక మినహాయింపుకు, దరఖాస్తు పెట్టాలా అన్నది మీ సందేహం.

ఇప్పటికి ఆ రెండూ వద్దు. స్టవ్ తీయకండి, సింక్ తీయకండి, కిటికీలు మార్చకండి. ఎందుకో కింద చెబుతాను. గ్యాస్ లీకవుతున్నా, వైరింగ్ వేడెక్కుతున్నా మాత్రం వెంటనే సరఫరా ఆపి బాగు చేయించండి. ప్రాణానికి ముప్పున్న చోట ఏ వ్యూహమూ పనికిరాదు.

ఇలాంటి కేసులో అన్నిటికంటే ముందు తేలాల్సింది ఆ కట్టడం ఎప్పుడు కట్టారు, అందులో వంటగది ఎప్పటి నుంచి ఉంది అన్నది. ఇవి రెండు వేర్వేరు తేదీలు. వీటిని బట్టి మీకు మూడు దారుల్లో ఒకటి తెరుచుకుంటుంది. మీ నగరం ఆ స్థలంలో రెండో నివాసాన్ని నిషేధించకముందే అక్కడ నివాసం ఉంటే అది చట్టబద్ధమైన పాత వినియోగం. జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడవచ్చో చెప్పే నియమాలు) చూసేవాళ్లు దీన్ని లీగల్ నాన్‌కన్ఫార్మింగ్ అంటారు. నిషేధం తరవాత, 2020 జనవరి 1 లోపు పర్మిట్ లేకుండా నివాసంగా మారి ఉంటే రాష్ట్ర చట్టంలో క్షమాభిక్ష దారి ఉంది. కట్టడం పాతదే అయినా వంటగది ఆ తేదీ తరవాత వచ్చి ఉంటే, దాన్ని కొత్తగా ఏడీయూగా, అంటే అనుబంధ నివాసంగా మార్చుకునే దారి ఉంది. మూడింటికీ కాగితాలు వేరు, ఖర్చు వేరు. ఏది మీదో తేలకుండా నగరానికి ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరంలోని ఒక్క వాక్యమే మీకు అడ్డు తగలవచ్చు.

తేదీ తేల్చడానికి నగర బిల్డింగ్ శాఖలో మీ చిరునామా మీద ఉన్న పర్మిట్లన్నీ తీయించండి. ఇళ్ల నంబర్లు మారి ఉండవచ్చు కాబట్టి లాట్ (ప్లాటు) నంబరు, ట్రాక్ట్ (లేఅవుట్) పేరుతో కూడా వెతకమనండి. 1920లలో పెరటి కట్టడాలకు గ్యారేజీ పేరుతో పర్మిట్ తీసుకుని పైనో పక్కనో పనివాళ్ల గది వేసుకోవడం మామూలే. అందువల్ల గ్యారేజీ పర్మిట్ కనబడితే నిరాశపడకుండా దాని వెనక ఉన్న నక్షా అడగండి. తరవాత ఆస్తిపన్ను కోసం విలువ లెక్కగట్టే కౌంటీ అసెసర్ దగ్గర పాత బిల్డింగ్ రికార్డు ఉంటుంది. చేత్తో గీసిన కొలతలు, ప్లంబింగ్ సామాన్ల లెక్క, కట్టిన ఏడాది అందులో రాసి ఉంటాయి. ఇక్కడ చాలామంది పొరపడతారు. దానిమీద ఇన్నేళ్లుగా పన్ను కడుతున్నాం కనక అది సక్రమమే అని వాదిస్తారు. పన్ను లెక్కకీ పర్మిట్‌కీ సంబంధం లేదు. అక్రమ కట్టడం మీద కూడా అసెసర్ పన్ను వేస్తారు. ఆ రికార్డు మీకు ఉపయోగపడేది తేదీకి సాక్ష్యంగా మాత్రమే.

అన్నిటికంటే బలమైన సాక్ష్యం తరచు శాన్‌బోర్న్ మ్యాపుల్లో దొరుకుతుంది. అగ్నిబీమా కంపెనీల కోసం గీసిన ఈ మ్యాపులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. పసుపు రంగు కట్టడం చెక్కది, గులాబీ రంగుది ఇటుకది. ఇంగ్లీషు డి (D) అక్షరం ఉంటే నివాసం, ఇంగ్లీషు ఏ (A) అక్షరం ఉంటే కారు షెడ్డు. పక్కనున్న అంకె అంతస్తుల సంఖ్య. మీ పెరట్లో డి అక్షరం ఉన్న చిన్న పసుపు పెట్టె కనబడిందంటే కేసు సగం నిలబడినట్టే. ఆ మ్యాపులో ఏళ్ల తరబడి దిద్దిన ముక్కలు పైన అతికించి ఉంటాయి. అందుకే ఏ ఏడాది ప్రతి, ఏ ఏడాది వరకు దిద్దినది అన్నది రాసుకోండి. ఆకాశం నుంచి తీసిన పాత ఫొటోలు శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 1920ల నుంచీ ఉన్నాయి. అవి కట్టడం ఉందని చెబుతాయి, లోపల పొయ్యి ఉందో లేదో చెప్పలేవు. మనుషులు కాపురం ఉన్నారని చూపేవి పాత సిటీ డైరెక్టరీలు, 1940, 1950 జనగణన పత్రాలు. ఒకే ఇంటి నంబరు కింద రెండో కుటుంబం ఉన్నా, నంబరు పక్కన సగం అంకె (½) గానీ, వెనక ఇల్లు అన్న మాట గానీ ఉన్నా ఆ పేజీ కాపీ తీసుకోండి. విద్యుత్, నీటి కనెక్షన్ ఎప్పుడు ఇచ్చారన్న రికార్డు దొరికితే ఇంకా మంచిది.

ఈ సాక్ష్యాలు నగరం మీ పెరట్లో రెండో నివాసాన్ని నిషేధించిన ఏడాదికి ముందువా వెనకవా అన్నది చూడాలి. ఆ ఏడాది నగరానికో రకం. లాస్ ఏంజెలెస్ 1908లోనే నివాస ప్రాంతాల ఆర్డినెన్స్ చేసింది. బర్క్‌లీ 1916లో ఒక్క కుటుంబపు ఇళ్ల జోన్ తెచ్చింది. కొన్ని ఊళ్లు చాలా ఆలస్యంగా మొదలుపెట్టాయి. ఇప్పటి కోడ్ చూసి తేదీ ఊహించవద్దు. ప్లానింగ్ శాఖలో మీ స్థలం జోనింగ్ చరిత్ర రాతపూర్వకంగా అడగండి.

పాత వినియోగం అన్న వాదనకు బలం ఎంతో, బలహీనత అంత. నిరూపించే బాధ్యత మీది, నగరానిది కాదు. మొదట్లో సక్రమంగా ఉందని చూపితే చాలదు, మధ్యలో ఆగలేదని కూడా చూపాలి. చాలా నగరాల కోడ్‌లలో వినియోగం ఆరు నెలలో ఏడాదో ఆగితే హక్కు పోయినట్టే. అమ్మానాన్నలు రాని ఏడాది ఖాళీగా ఉంచాం అని మాటవరసకి ఇన్‌స్పెక్టర్‌తో అన్నది కూడా ఫైలుకెక్కుతుంది. అబద్ధం చెప్పమనడం లేదు. మీ కోడ్‌లో ఆగిపోవడం అంటే ఏమిటో, ఎంత కాలమో చదివి, పాత యజమానుల కాలంతో సహా పూర్తి చరిత్రను కాగితం మీద ఇవ్వమంటున్నాను. పాత వినియోగం ఉన్న కట్టడాన్ని పెంచనివ్వరు. అగ్నిప్రమాదంలోనో భూకంపంలోనో సగానికి పైగా పోతే మళ్లీ కట్టనివ్వని కోడ్‌లు చాలా ఉన్నాయి. అందువల్ల తేదీ సాక్ష్యం ఎంత గట్టిగా ఉన్నా, వీలైతే ఏడీయూ పర్మిట్ కూడా తెచ్చుకుని పెట్టుకోవడమే మేలు.

ఇక స్టవ్ ఎందుకు తీయవద్దన్నానో. ఏబీ 2533 అనే చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 2020 జనవరి 1కి ముందు పర్మిట్ లేకుండా ఏర్పడిన ఏడీయూకు, కట్టడ ప్రమాణాలు తప్పిందనో, ఏడీయూ నియమాలకు సరిపోలేదనో నగరం పర్మిట్ నిరాకరించకూడదు. నిరాకరించాలంటే, రాష్ట్ర ఆరోగ్య భద్రతా కోడ్ 17920.3 సెక్షన్‌లో ఉన్న ప్రమాణాలు తీర్చడానికి ఫలానా దిద్దుబాటు తప్పనిసరి అని తేల్చి చెప్పాలి. అయితే ఈ రక్షణ ఏడీయూకి, అంటే నిద్ర, వంట, స్నానం అన్నీ ఉన్న నివాసానికి. కంగారులో వంటగది పీకేసి తరవాత దరఖాస్తు పెడితే, అది ముందే నివాసంగా ఉండేదని నిరూపించడానికి మీకే సాక్ష్యం కరవవుతుంది. తీయక తప్పని పరిస్థితి వస్తే ముందు తేదీ పడేలా ఫొటోలు తీయండి. గ్యాస్ పైపు, 240 వోల్టుల అవుట్‌లెట్, సింక్ కింది డ్రెయిన్, స్టవ్ వెనక లేబుల్ మీది తయారీ తేదీ అన్నీ వాటిలో పడాలి.

వంటగది అంటే ఏమిటన్నది కూడా మీ నగరపు నిర్వచనంలో చూడండి. ఒక ఊళ్లో స్టవ్ ఉంటేనే వంటగది, మరో ఊళ్లో సింక్, ఫ్రిజ్ పెట్టే చోటు, స్టవ్ కోసం లాగిన కరెంటు తీగ ఉన్నా వంటగదే. మన తెలుగు ఇళ్లలో పోపులు, వేపుళ్ల ఘాటు ప్రధాన ఇంట్లోకి రాకుండా గ్యారేజీలోనో పెరటి గదిలోనో రెండో పొయ్యి పెట్టుకోవడం అలవాటు. మనకది వంట సౌకర్యం, నగరానికది రెండో నివాసం. ఇల్లు ఒక్కటే, కాపురం ఒక్కటే అన్న సమాధానం ఇక్కడ నిలవదు. ఎవరు ఉంటున్నారన్నది కాకుండా కట్టడం దేనికి పనికొస్తుందన్నదే వాళ్లు చూస్తారు.

దరఖాస్తుకు ముందే లైసెన్సున్న కాంట్రాక్టర్‌తో గోప్యంగా తనిఖీ చేయించుకోవచ్చని ఆ చట్టమే చెబుతోంది. తప్పకుండా వాడుకోండి. 17920.3 కింద ఏవి లోపాలో జాబితా ప్రజలకు అందుబాటులో ఉంచడం నగరం బాధ్యత. ఆ కాగితం చేతిలో పెట్టుకుని తనిఖీ చేయించండి. ఈ వయసు కట్టడాల్లో మళ్లీ మళ్లీ బయటపడేవి కొన్నే. పునాది మీద చెక్క దిమ్మె బోల్టు లేకుండా ఊరికే ఆనించి ఉంటుంది. పింగాణీ గుబ్బల మీద లాగిన పాత వైరింగ్‌కు ఎర్త్ ఉండదు, దానిమీదే ఏసీ వేలాడుతుంటుంది. తోటకు నీళ్లు పెట్టే సన్నని పైపు నుంచే లోపలికి నీటి కనెక్షన్ తీసి ఉంటారు. మురుగు పైపుకు వాలు సరిగా ఉండదు. అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలి. పడకగదికి తప్పించుకునే కిటికీ ఉండదు. నేటి నివాస కోడ్ ప్రకారం ఆ కిటికీ తెరిస్తే 5.7 చదరపు అడుగుల ఖాళీ రావాలి, నేలమట్టపు గదికైతే 5 చాలు. ఎత్తు కనీసం 24 అంగుళాలు, వెడల్పు 20 అంగుళాలు, కిటికీ అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. గది ఎత్తు 7 అడుగులు. బయటి గోడలకు 2 అడుగుల దూరంలో, నేలకు 3 అడుగుల ఎత్తున 68 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి నిలపగల స్థిరమైన హీటర్ ఉండాలి. ప్లగ్గులో పెట్టే హీటర్ లెక్కలోకి రాదు. పొగ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పెట్టాలి. 1978కి ముందు కట్టిందంటే రంగుల్లో సీసం ఉంటుందనే అనుకుని పని చేయించండి. గోకడం, రాపిడి పట్టడం శిక్షణ పొందిన వాళ్లతోనే చేయించాలి.

ఇవన్నీ ఒకేసారి దిద్దడానికి డబ్బు చాలకపోతే ఇంకో వెసులుబాటు ఉంది. 2020కి ముందు కట్టిన ఏడీయూకు కట్టడ ప్రమాణాల ఉల్లంఘన నోటీసు ఇస్తే, అయిదేళ్లు అమలు వాయిదా వేయమని కోరే హక్కు మీకు ఉందని ఆ నోటీసులోనే రాయాలి. ఆరోగ్య భద్రతకు ముప్పు లేని లోపాలకు నగరం వాయిదా ఇవ్వాలి. 2030 జనవరి 1 నుంచి ఈ దరఖాస్తులు ఆమోదించరు. మీ నోటీసులో ఆ వాక్యం లేకపోతే ఆ విషయాన్నే మొదటి ఉత్తరంలో ప్రస్తావించండి. ఈ వాయిదా కట్టడ ప్రమాణాలకే వర్తిస్తుంది, జోనింగ్ అభ్యంతరానికి కాదు.

వంటగది 2020 తరవాతే వచ్చిందని తేలినా దారి మూసుకుపోలేదు. నివాస జోన్‌లో ఒక ఇల్లున్న స్థలంలో, ఇప్పటికే ఉన్న పెరటి కట్టడాన్ని ఏడీయూగా మార్చడానికి నగరం విచారణ పెట్టకుండా పర్మిట్ ఇవ్వాలి. పూర్తి దరఖాస్తు అందిన 60 రోజుల్లో తేల్చాలి. ఉన్న గోడలు సరిహద్దుకు దగ్గరగా ఉన్నాయని వెనక్కి జరపమనకూడదు, అగ్నిప్రమాద భద్రతకు సరిపోతే చాలు. లోపలికి బయటికి తిరగడానికి వీలుగా 150 చదరపు అడుగుల వరకు పెంచుకోవచ్చు. 750 చదరపు అడుగుల లోపు ఏడీయూకు అభివృద్ధి ప్రభావ రుసుములు ఉండవు. ప్రధాన ఇంటికి అవసరం లేని స్ప్రింక్లర్లు దీనికి అడగకూడదు. పక్కింటివాళ్లు ఎక్కువగా ఎత్తిచూపేది కార్ల సమస్య. చారిత్రక, వాస్తుశిల్ప ప్రాధాన్యం ఉన్న జిల్లాలో ఏడీయూకు అదనపు పార్కింగ్ అడగకూడదని చట్టం ప్రత్యేకంగా చెప్పింది. మీ కేసులో ఇది నేరుగా పనికొచ్చే వాక్యం.

ఇన్ని దారులుండగా వేరియన్స్ ఎందుకు? స్థలం ఆకారం, వాలు, పరిసరాల వంటి ప్రత్యేక పరిస్థితుల వల్ల చుట్టుపక్కల వాళ్లకున్న సౌకర్యం మీకు లేకుండా పోతోందని నిరూపిస్తేనే వేరియన్స్ వస్తుంది. జోన్ అనుమతించని వినియోగానికి అది రాదు. అమ్మానాన్నల అవసరం మనకు పెద్దదే, కానీ ఆ చట్టం దృష్టిలో అది భూమి లక్షణం కాదు. పైగా వేరియన్స్ అంటే బహిరంగ విచారణ. ఏడీయూ దారిలో పక్కింటివాళ్లకు మాట్లాడే వేదికే లేని చోట, మీరే వాళ్లకు వేదిక వేసి ఇచ్చినట్టవుతుంది.

చారిత్రక హోదా సంగతి విడిగా చూడాలి. దీన్ని రెండు వైపులా తప్పుగా అర్థం చేసుకుంటారు. నేషనల్ రిజిస్టర్‌లో, అంటే చారిత్రక స్థలాల ఫెడరల్ జాబితాలో, ఉన్నంత మాత్రాన సొంత డబ్బుతో సొంత ఇల్లు మార్చుకునే యజమానిని ఫెడరల్ చట్టం ఆపదు. ఆపేది నగరపు సొంత ఆర్డినెన్స్. కాబట్టి మీ స్థలం ఏ జాబితాలో ఉందో వేర్వేరుగా తేల్చుకోండి: నగర జిల్లా, రాష్ట్ర రిజిస్టర్, నేషనల్ రిజిస్టర్. నేషనల్ రిజిస్టర్‌లో ఉన్నవి తమంతట తామే కాలిఫోర్నియా రిజిస్టర్‌లోకి వస్తాయి. నగర జాబితాలో ఉన్నవి అలా రావు. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే ఏడీయూల మీద చారిత్రక రక్షణ ప్రమాణాలు పెట్టే అధికారాన్ని రాష్ట్ర చట్టం కాలిఫోర్నియా రిజిస్టర్‌లో ఉన్న ఆస్తుల విషయంలోనే పేర్కొంది.

తరవాత జిల్లా సర్వే పత్రం తెప్పించుకోండి. డీపీఆర్ 523 అనే ఫారమ్‌లో ప్రధాన ఇంటిని జిల్లా ప్రాధాన్యానికి తోడ్పడేదిగా రాసి, పెరటి కట్టడాన్ని ప్రస్తావించకుండా వదిలేయడం తరచు జరుగుతుంది. వదిలేశారు కనక విలువ లేదు, కూల్చేయవచ్చు అన్న వాదన అక్కణ్నుంచే వస్తుంది. వీధి మీద నిలబడి చేసిన సర్వేకు పెరడు కనబడదు. జిల్లాకు చారిత్రక విలువ తెచ్చిన కాలంలోనే ఆ గెస్ట్‌హౌస్ కట్టి ఉంటే, ఫెడరల్ అంతర్గత శాఖ అర్హతలున్న చారిత్రక వాస్తుశిల్ప నిపుణుల చేత విడిగా మూల్యాంకనం చేయించండి. తరవాతి కాలంలో కట్టినదైనా, కాలక్రమంలో సొంత ప్రాధాన్యం సంపాదించుకున్న మార్పులను నిలిపి ఉంచాలని ఆ శాఖ పునరుద్ధరణ ప్రమాణాల్లో నాలుగోది చెబుతుంది. తోడ్పడే కట్టడమని తేలితే, కూల్చమనే జోనింగ్ ఆదేశం నగరపు సొంత పరిరక్షణ ఆర్డినెన్స్‌కే ఎదురు నిలుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. అర్హమైన చారిత్రక కట్టడాలకు కాలిఫోర్నియా హిస్టారికల్ బిల్డింగ్ కోడ్ వర్తిస్తుంది. పాత మెట్లు, పాత కిటికీలు, తక్కువ ఎత్తు పైకప్పు వంటి వాటికి మామూలు కోడ్ బదులు భద్రతకు సమానమైన ప్రత్యామ్నాయాలు ఒప్పుకుంటారు.

దీని బరువు కూడా తెలుసుకుని దిగండి. తోడ్పడే కట్టడం అయ్యాక బయటి మార్పు దేనికైనా ముందస్తు అనుమతి అడుగుతారు. ఇక్కడ అందరూ చేసే తప్పు కిటికీలు. తప్పించుకునే కిటికీ కావాలన్నారని హడావుడిగా చెక్క కిటికీ తీసి వినైల్‌ది పెట్టేస్తారు. జోనింగ్ నోటీసు ఒకటుండగా పరిరక్షణ ఉల్లంఘన నోటీసు రెండోది వచ్చి చేరుతుంది. పాత చెక్క చట్రం అలాగే ఉంచి, కీలు పెట్టి పక్కకు తెరుచుకునేలా మార్చడం గానీ, వీధికి కనబడని గోడకు కొత్త కిటికీ పెట్టడం గానీ ఎక్కువగా ఆమోదం పొందే పద్ధతులు. మీ ఇంటికి మిల్స్ యాక్ట్ ఒప్పందం, అంటే చారిత్రక ఇంటిని కాపాడతామని నగరానికి మాటిచ్చి ఆస్తిపన్ను తగ్గించుకునే ఒప్పందం, ఉందేమో కూడా చూడండి. పాత యజమాని చేసుకున్నా మీకు సంక్రమిస్తుంది. ఒప్పందం ఉల్లంఘించారని నగరం రద్దు చేస్తే ఆస్తి మార్కెట్ విలువలో 12.5 శాతం జరిమానా. అది మొత్తం ఆస్తి విలువ మీద, గెస్ట్‌హౌస్ ఒక్కదాని మీద కాదు. ఆ ఒప్పందం ఉంటే గెస్ట్‌హౌస్‌లో మేకు కొట్టే ముందు కూడా దాన్ని చదవండి.

గడువుల విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. నోటీసు మీద ఉన్న అప్పీలు గడువు లోపల, ఒక పేజీ అయినా సరే, రాతపూర్వక అప్పీలు వేసి రసీదు తీసుకోండి. సాక్ష్యాలు తరవాత జత చేస్తామని అందులో రాయండి. పరిపాలనా జరిమానా మీద తుది ఆదేశం వస్తే, అది అందిన 20 రోజుల్లో సుపీరియర్ కోర్టుకు వెళ్లాలి. జోనింగ్ నిర్ణయాలను కోర్టులో ప్రశ్నించాలంటే 90 రోజుల్లో పిటిషన్ వేయడమే కాదు, నగరానికి అందజేయడం కూడా పూర్తి కావాలి. విచారణలో లేవనెత్తని అంశాన్ని కోర్టులో లేవనెత్తనివ్వరు. కాబట్టి పాత వినియోగం, 2020కి ముందటి క్షమాభిక్ష, పార్కింగ్ మినహాయింపు, చారిత్రక విలువ అన్నీ విడివిడిగా, ఒకటి ఓడితే మరొకటి నిలిచేలా మొదటి నుంచీ రాసి ఇవ్వండి. ఏడీయూ చట్టాన్ని నగరం పాటించడం లేదనిపిస్తే రాష్ట్ర గృహనిర్మాణ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. వాళ్లు నగరానికి రాసే ఉత్తరం చాలాసార్లు లాయరు నోటీసు కంటే ముందు పని చేస్తుంది.

పర్మిట్ వచ్చేదాకా అద్దెకు మాత్రం ఇవ్వకండి. పర్మిట్ లేని నివాసానికి రాసుకున్న అద్దె ఒప్పందం కాలిఫోర్నియా కోర్టుల్లో చెల్లదు. అద్దె ఎగ్గొట్టినా మీరు వసూలు చేయలేరు. పర్మిట్ వచ్చాక కూడా, మార్పిడి దారిలో వచ్చిన ఏడీయూను 30 రోజులకు గానీ అంతకంటే తక్కువకు గానీ అద్దెకు ఇవ్వకూడదు. చాలా వీధుల్లో ఫిర్యాదుల మూలం ఇదే. పక్కింటివాళ్ల భయం మీ అమ్మానాన్నల గురించి అయ్యుండదు, వారానికొక కొత్త ముఖం దిగుతుందేమో అన్నది అయ్యుంటుంది. స్వల్పకాలిక అద్దెకు ఇవ్వబోమని మీకు నిజంగా అనిపిస్తే, ఆ మాట ముందుగా వాళ్లకే వెళ్లి చెప్పండి. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నా నగరం ఫైలు మూసేయదు. అయినా చారిత్రక బోర్డు ముందుకు కిటికీ విషయం వెళ్లిన రోజున ఎదురుగా కూర్చునేది వాళ్లే.

ఈ వారంలో చేయాల్సినవి రెండే: అప్పీలు కాగితం వేయడం, పర్మిట్ రికార్డులు, శాన్‌బోర్న్ మ్యాపు తెప్పించుకోవడం. మ్యాపులో మీ పెరట్లో ఏ అక్షరం ఉందో, నోటీసులో ఏ సెక్షన్ నంబర్లు రాశారో చెబితే మూడు దారుల్లో మీది ఏదో చెప్పగలను.